ఎక్కడికని అడగరాదు

ఆ ఆదివారం తొమ్మిది గంటల ఫెర్రీలో భార్యతో కలిసి అండమాన్‌లోని చాథం రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌కు వెళ్ళాలనీ, అక్కడ దిగకుండా అదే ఫెర్రీలో తిరిగి రావాలనీ ధనరాజు నిశ్చయించుకున్నాడు. బాంబూఫ్లాట్‌లో అతనికి పనేమీ లేదు, చూడవలసిన వాళ్ళూ లేరు. రెయిలింగు పట్టుకుని ఇద్దరూ పక్కపక్కన నిలబడాలి, ఫ్లాస్కులో టీ తాగాలి. అంతే.

చిన్న పనే. కాని తెల్లవారినప్పటి నుంచీ అతనికి కాలు ఒక చోట నిలవడం లేదు. పూజలో నామాలు చదువుతూ రెండుసార్లు వరస తప్పాడు. హారతి ఇస్తూ గడియారం వైపు చూశాడు. దేవుడి ముందు గడియారం చూడడం తప్పేమోనని మళ్ళీ లెంపలు వేసుకున్నాడు.

ఈ ప్రయాణం వెనక ఒక మొక్కు ఉంది. గత వానాకాలంలో పద్మినికి డెంగీ వచ్చి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆరో రోజున ధనరాజు మంచం పక్కన కూర్చుని, "నువ్వు లేచి తిరిగితే చాలు, నిన్ను ఫెర్రీ మీద తీసుకెళ్తాను. మనిద్దరమే" అన్నాడు. ఆమె లేచింది, తిరిగింది, వంట కూడా మొదలుపెట్టింది. ఏడు నెలలు గడిచాయి. "స్వామికి మొక్కుకుంటే నెల తిరక్కుండా తీరుస్తారు. నాకు మొక్కుకున్నది మాత్రం అలాగే ఉంది" అని మొన్న చపాతీలు ఒత్తుతూ అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

వెళ్ళాలని అతను ప్రయత్నించకపోలేదు. చలికాలంలో ఒకసారి బుట్టలో పులిహోర సర్దుకుని బీచికి బయలుదేరారు. మిన్నీ బేలో వాళ్ళ సందులో తమ ఇల్లు కాక ఉన్నవి ఎనిమిది తెలుగు ఇళ్ళు. బుట్ట చూడగానే వాటిలోంచి పదకొండు మంది బయటకొచ్చారు. ఆ సాయంత్రమంతా పద్మిని సముద్రానికి వీపు పెట్టి పదకొండు మందికి బజ్జీలు వేసింది. పైగా ధనరాజుకు సిగ్గు. యాభై దాటిన మనిషి, ప్రభుత్వాఫీసులో స్టోరు గుమాస్తా, గుడి కమిటీలో సభ్యుడు, భార్యను షికారుకు తీసుకెళ్తున్నానని నలుగురిలో ఎలా చెబుతాడు?

అందుకే ఈసారి ఉపాయం ఆలోచించాడు. ఫ్లాస్కు, పులిహోర డబ్బా, చాప, గొడుగు, అన్నీ చక్రాల సూట్‌కేసులో పెట్టించాడు.

"బుట్ట అయితే పిక్నిక్ అని తెలిసిపోతుంది. సూట్‌కేసు చూస్తే ఎవరికీ అనుమానం రాదు" అన్నాడు.

పద్మిని ఏదో అనబోయి ఊరుకుంది. ఏడు నెలల తర్వాత బయలుదేరదీసిన మనిషిని ఉపాయం దగ్గర ఆపడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

ధనరాజు మరిచిపోయిన సంగతి ఒకటుంది. నెలకోసారి వైజాగ్ వెళ్ళే షిప్పు శుక్రవారం బయలుదేరవలసింది. సముద్రం బాగోలేదని ఆదివారానికి మార్చారు. ఆఫీసులో ఆ నోటీసు అతనే చదివాడు. కాని ఆ ఉదయం అతని బుర్రలో ఫెర్రీ తప్ప వేరే ఓడకు చోటు లేదు.

గేటు తీస్తూ ఉండగా పక్కింటి తాతమ్మ కనిపించింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి. సందు మొత్తానికి పెద్ద దిక్కు. వాకిట్లో ముగ్గు వేస్తున్నదల్లా తలెత్తి సూట్‌కేసు చూసింది, పద్మిని కట్టుకున్న కొత్త చీర చూసింది.

"ఏటర్రా, పొద్దున్నే పెద్ద పెట్టె తీసీసినారు! ఎక్క..." అని చటుక్కున నాలిక కరుచుకుంది. "ఓలమ్మో, నా నోరు పడ! అడగనమ్మా, అడగను. ఎక్కడికని అడిగితే పని సెడిపోద్ది. నాకు తెల్సులే."

"తెలుసా?" అన్నాడు ధనరాజు ఎర్రబడి.

"తెలీదేటి మరి! మంచి పని సేస్తన్నారు. పాపం, పద్మిని ఎన్నాళ్ళనుంచి అనుకుంటందో."

ధనరాజుకు సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. ఇంత పెద్దావిడ మంచి పని అన్నాక ఇక దాచవలసింది ఏముంది అనుకున్నాడు. బయలుదేరేవాళ్ళని ఎక్కడికని అడగరాదన్న నియమం ఎవరు పెట్టారో అతనికి తెలియదు. అడిగితే పని చెడుతుందంటారు. అడగకపోతే ఏమేం చెడుతుందో మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు.

"ఒక్క నిముషం ఉండండి" అని తాతమ్మ లోపలికి వెళ్ళి, పసుపు గుడ్డలో కట్టిన చిన్న మూట తెచ్చి ధనరాజు కుడిచేతిలో పెట్టింది.

"నిరుడు తుఫానులో మా నూకయ్య బోటు రెండ్రోజులు అయిపూ అజా లేకుండా పోనాది కదా, అప్పుడు కట్టిన ముడుపు. సింహాచలం అప్పన్నది. కొండెక్కి హుండీలో ఎయ్యి నాయనా. ఇన్నాళ్ళకి నమ్మకమైన మనిషి దొరికినాడు."

ఆ క్షణంలో ధనరాజుకు షిప్పు గుర్తొచ్చింది, నోటీసు గుర్తొచ్చింది, తన సూట్‌కేసు ఈ దీవుల్లో ఎవరికైనా వైజాగ్ ప్రయాణంలాగే కనిపిస్తుందని కూడా అర్థమైంది. కాని ముడుపు అరచేతిలో ఉంది. దేవుడి పేరున చేతిలో పెట్టిన ముడుపును వద్దని తిరిగి ఇవ్వడం అతని వంశంలో ఎవరూ చెయ్యలేదు. ఏం చెయ్యాలో తోచక, అలవాటు చొప్పున దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"తాతమ్మా, మేం అసలు..." అని పద్మిని మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే గుడ్డకున్న పసుపు ముక్కులోకి వెళ్ళి ధనరాజు గట్టిగా తుమ్మాడు.

"ఆగండి!" అంది తాతమ్మ. "తుమ్మినాక కదలకూడదు. కూకోండి, మంచినీళ్ళు తాగండి, కాస్సేపాగి ఎల్దురుగాని."

ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, వాళ్ళు ఆగిన ఆ కాస్సేపట్లో ఎనిమిది ఇళ్ళకూ కేకలు వేసింది.

మొదట సీతాలు వచ్చింది. ఎదురింటి కోడలు, స్కూల్లో ఆయా. చేతిలో మిక్సీ జారు. "భయ్యా, దీని బ్లేడు తిరగట్లే. ఈ కంపెనీ సర్వీసు ఇక్కడ లేనే లేదు. జరా చూపించెయ్ నా. దీదీ, మీరు చెప్పండి భయ్యాకి." తరువాత వక్కల మూట వచ్చింది. ఒక కొబ్బరికాయల బస్తా వచ్చింది. అదే రంగులో అంచు తెమ్మని ఒక జాకెట్టు గుడ్డ, ఎవరికో చూపించమని ఒక జాతకం వచ్చాయి. చివరికి తాతమ్మ కొడుకు నూకయ్య ఎండు నెత్తళ్ళ చేపలు రెండు గోనె సంచులు భుజాన వేసుకుని వచ్చాడు.

"భీమిలిలో మా అక్కకి, భయ్యా. అక్కడ దొరకవా అంటే ఒప్పుకోదు. అండమాన్ నెత్తళ్ళే కావాలంటది."

"నూకయ్యా, అసలు మేం వెళ్ళేది..." అన్నాడు ధనరాజు.

"భయ్యా! నోరెత్తకు!" అని నూకయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎక్కడికని అడక్కూడదు, ఎక్కడికో చెప్పకూడదు. అమ్మ చంపేస్తది."

పెరటి తలుపు గడియ చూసి వస్తామని చెప్పి దంపతులు లోపలికి వెళ్ళారు.

"చెప్పేయండి" అంది పద్మిని గుసగుసగా.

"ఏమని చెప్పను? చేతిలో ముడుపు పెట్టుకుని, నేను సింహాచలం వెళ్ళడం లేదు, పెళ్ళాంతో షికారుకెళ్తున్నాను అని చెప్పనా?"

"పరాయిదానితో వెళ్తున్నా ఇంత భయపడరేమో."

"నువ్వు చెప్పు పోనీ."

"నేను చెప్తే మీ పరువు పోతుంది. మీరు చెప్తే మన షికారు దక్కుతుంది. ఆలోచించుకోండి." ఆమె గడియ బిగించి, ఒక్క క్షణం ఆగి అంది. "చూడండి, ఇవాళ తప్పితే మళ్ళీ నేను అడగను. కోపం కాదు. అడిగే ఓపిక లేదు."

ఆ మాట అతనికి ముడుపు కంటే బరువుగా తోచింది. చెప్పేద్దామనే బయటికి వచ్చాడు. అప్పటికే తాతమ్మ కర్పూరం వెలిగించింది. మూటలన్నీ నూకయ్య చేపల ఆటోలోకి ఎక్కాయి. హారతి వెలుగుతుండగా లౌకికమైన మాట ఎలా ఎత్తాలో ధనరాజుకు తెలియలేదు. ఆరిపోయాక ఎత్తుదామనుకున్నాడు. ఆరిపోయేసరికి ఆటో కదిలింది.

పద్మిని ముందు సీట్లో, ధనరాజు వెనక నెత్తళ్ళ మధ్య. వైజాగ్ షిప్పు ఆగే హడ్డో వార్ఫ్ దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది. అవతల నీళ్ళ మీద తెల్లటి ఫెర్రీ ఒకటి తాపీగా బాంబూఫ్లాట్ వైపు పోతోంది. పద్మిని దాన్ని చూసింది. భర్తను చూడలేదు.

"నేను లోపలికి రాలేను భయ్యా, ఆటో ఇక్కడ పెట్టనివ్వరు. పక్కన పెట్టి కంచె దగ్గర నిలబడతా" అన్నాడు నూకయ్య. "షిప్పు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా కదలొద్దంది అమ్మ."

ప్రయాణికుల హాలులో మూటల మధ్య నిలబడి ధనరాజు చుట్టూ చూశాడు. ఈ ముడుపు ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి. నిజంగా వైజాగ్ వెళ్తున్న, నమ్మకమైన, చేతులు ఖాళీగా ఉన్న మనిషి కావాలి. ఆ రోజు ఆ హాలులో చేతులు ఖాళీగా ఉన్న మనిషి ఒక్కడే ఉన్నాడు. నుదుట బొట్టు, చేతిలో కర్ర, కాలికి కట్టు, భుజాన ఒక్క చిన్న సంచి, ముఖంలో గొప్ప ప్రశాంతత.

ధనరాజు అతని దగ్గరికి వెళ్ళాడు. కాని ఎక్కడికని తాను మాత్రం ఎలా అడుగుతాడు? "నమస్కారమండీ. మీరు... అంటే... ఎండగా ఉంది కదా" అన్నాడు.

"వైజాగే కదా అన్నయ్యా?" అని పద్మిని వెనక నుంచి అడిగేసింది.

"వైజాగేనమ్మా. నా పేరు పైడిబాబు. మాది డిగ్లీపూర్" అన్నాడతను. అంతలో అతని చూపు గోనె సంచుల మీద పడింది. ప్రశాంతత పోయింది. "వద్దు. చెప్పకండి. నాకర్థమైపోయింది. పొలంలో జారి కాలు బెణికినా, ఊళ్ళో ఎవ్వరికీ చెప్పకుండా నిన్న చీకటితో లేచి బస్సెక్కి పన్నెండు గంటలు కూర్చున్నాను. ఎందుకనుకున్నారు? ఇందుకే. నా జన్మలో మొదటిసారి ఖాళీ చేతులతో షిప్పెక్కుతున్నాను."

"సింహాచలం ముడుపండీ" అని ధనరాజు అరచెయ్యి తెరిచాడు.

పైడిబాబు కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. "అప్పన్న ముడుపా? ఆ మాట ముందు చెప్పాలి కదండీ. కాదంటే కళ్ళు పోతాయి. ఇవ్వండి." కాసేపటికి తేరుకుని, "ముడుపు వరకే. మిక్సీలూ చేపలూ నా వల్ల కాదు. ముందే చెప్తున్నా" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోగా పద్మిని భర్త చేతిలోంచి ముడుపు తీసుకుని, మిక్సీ జారులో పెట్టి, మూత బిగించి, ఆ జారును నెత్తళ్ళ సంచిలో సర్ది, సంచి మూతి తాడుతో కట్టేసింది.

"పద్మినీ! స్వామి ముడుపు మిక్సీ జారులోనా?"

"కడిగిన జారే."

పైడిబాబు ఆ సంచి వైపూ పద్మిని వైపూ చూశాడు. "తల్లీ, నీకు దండం. మీ ఆయన ఎలా నెగ్గుకొస్తున్నాడో గాని, ఇవ్వు. అన్నీ ఇవ్వు."

చిరునామాలు రాసి ఇచ్చారు. ఫోను నంబర్లు ఇచ్చారు. కుంటుతున్న మనిషి కాబట్టి ధనరాజు ఒక చేత్తో అతన్నీ రెండో చేత్తో సంచులనూ పట్టుకుని తనిఖీ గేటు దాకా నడిపించాడు. పద్మిని వక్కల మూట మోసింది. కొబ్బరికాయల బస్తా ఎత్తుకున్న కూలీ గేటు నుంచి అన్నిటినీ షిప్పెక్కించాడు. అంత దూరంలో కంచె అవతల నూకయ్య తల ఎత్తెత్తి చూస్తున్నాడు. చూసి చెయ్యి ఊపాడు. ధనరాజు కూడా ఊపి, జనంలోంచి తప్పుకుని, భార్య చెయ్యి పట్టుకుని హాలు మూలన ఉన్న లావుపాటి స్తంభం వెనక్కి లాక్కుపోయాడు.

షిప్పు పదకొండుకు అన్నారు. రెండున్నరకు కదిలింది. నూకయ్య తల్లి మాట జవదాటే మనిషి కాడు.

స్తంభం వెనక రెండు ఇనప కుర్చీలున్నాయి. మొదటి అరగంట ధనరాజు కుదురుగా కూర్చోలేదు. నాలుగు నిమిషాలకోసారి తల బయటపెట్టి కంచె చూశాడు.

"మనం చేసింది తప్పేమో పద్మినీ."

"టీ చల్లారిపోతోంది."

"నేను అబద్ధం ఆడలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పకపోవడం కూడా అబద్ధమేనంటావా?"

"మూత పట్టుకోండి, ఒలికిపోతుంది."

ఫ్లాస్కు మూతలో పోసిన టీ తాగి ధనరాజు ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. "ఇవాళ టీ వేరేగా ఉందేమిటి?"

"ఇది మొదటిసారి కాచిన టీ."

"రోజూ తాగేదో?"

"రోజూ మీ పూజ అయ్యేసరికి ఇది చల్లారిపోతుంది. మీకు మళ్ళీ కాచి ఇస్తాను. ఇరవై మూడేళ్ళుగా మీరు తాగేది రెండోసారి కాచిన టీ."

"మరి మొదటిసారి కాచింది ఏమవుతోంది?"

"నేను తాగుతాను. వంటింటి మెట్టు మీద కూర్చుని. ఒక్కదాన్నే." ఆమె పులిహోర డబ్బా తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. "మీ గంట ఆఖరిసారి మోగేసరికి నా గ్లాసు ఖాళీ అవుతుంది. అలా మనం కలిసి తాగుతున్నట్టే లెక్క అనుకుంటాను."

గంట కొడుతున్నప్పుడు అవతల గోడ వెనక ఒకరు మెట్టు మీద కూర్చుని ఉన్నారని ధనరాజుకు ఎప్పుడూ తోచలేదు. పూజ అరగంట ఆలస్యంగా మొదలైతే దేవుడు ఏమైనా అనుకుంటాడా అని ఆలోచించాడు. ఆయనకు నైవేద్యం వేడిగా ఉండాలని పట్టింపు ఉన్నట్టు ఎక్కడా వినలేదు. ఆ తరువాత అతను కంచె చూడడం మరిచిపోయాడు. ఇద్దరూ పులిహోర తిన్నారు. డిగ్లీపూర్ బస్సు గురించి, పైడిబాబు ముఖం గురించి చెప్పుకుని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పద్మినీ, గొడుగు అడ్డం పెట్టుకుని ధనరాజూ నవ్వారు. ఇంట్లో ఎవరో ఒకరు వస్తారు, ఫోను మోగుతుంది. ఇక్కడ వీళ్ళు షిప్పు మీద ఉన్నారని అందరూ అనుకుంటున్నారు కాబట్టి ఒక్క ఫోనూ రాలేదు.

నూకయ్య వెళ్ళిపోయాక చాథం పోయి ఫెర్రీ ఎక్కారు. అది స్కూటర్లతో నిండి ఉంది. జనం తోపులాటలో పద్మిని ఒక చివర, ధనరాజు ఇంకో చివర తేలారు. పదహారు స్కూటర్ల మీదుగా ఒకరినొకరు చూసుకుంటూ వెళ్ళి, అలాగే చూసుకుంటూ తిరిగి వచ్చారు.

"ఇది లెక్కలోకి రాదు. ఇంకోసారి వద్దాం" అన్నాడు ధనరాజు దిగాక.

"వద్దాం. మొక్కు మాత్రం తీరిపోయింది లెండి. స్తంభం వెనకే తీరింది."

ఆ దీవుల్లో పొద్దు తొందరగా గుంకుతుంది, అయిదున్నరకే చీకటి పడింది. సూట్‌కేసు లాక్కుంటూ సందులోకి వచ్చేసరికి, దీపం పెడుతున్న తాతమ్మ వీళ్ళను చూసి కెవ్వుమంది. ఎనిమిది ఇళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి.

"భయ్యా! షిప్పెళ్ళిపోయింది కదా! నేను చూశాను కదా!" అన్నాడు నూకయ్య.

ధనరాజు దారిలోనే నిర్ణయించుకుని వచ్చాడు. పొద్దున దాచినందుకు ఇంత జరిగింది, ఇక దాచేది లేదు. గొంతు సవరించుకున్నాడు. "తాతమ్మా, మేం వైజాగ్ వెళ్దామనుకోలేదు. పద్మినిని ఫెర్రీ మీద షికారుకు తీసుకెళ్దామని బయలుదేరాను. ముడుపూ సామాన్లూ డిగ్లీపూర్ మనిషికి అప్పగించాం. ఇదీ నిజం."

సందులో అందరూ ఒక్కసారి నవ్వారు.

"భయ్యా, ఫెర్రీకి సూట్‌కేస్ ఎందుకు?" అంది సీతాలు.

"పులిహోర పెట్టుకోడానికి."

ఇంకా నవ్వారు. నూకయ్య మాత్రం నవ్వలేదు. అతని కళ్ళు పెద్దవయ్యాయి. "ఆగండి. నేను చూశాను. కర్ర పట్టుకున్న కుంటాయన. ఈ భయ్యా ఆయన్ని పట్టుకుని గేటు దాకా నడిపించాడు. దీదీ మూట మోసింది. అమ్మా, వీళ్ళు వాళ్ళ టికెట్టు ఆయనకిచ్చేసినారు!"

"లేదు నూకయ్యా, మాకు టికెట్టే లేదు."

"ఉండదు మరి! ఇచ్చేసినావు కదా!"

తాతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సేసిన పున్నెం పైకి సెప్తే పోద్దని దాస్తన్నాడర్రా. పెళ్ళాన్ని షికారుకి తిప్పినాడంట! ఈ ధనరాజు! ఎవులు నమ్ముతారు?"

పద్మిని వైపు చూశాడు ధనరాజు, సాక్ష్యం చెప్పమన్నట్టు. "నిజమే తాతమ్మా, షికారుకే" అంది పద్మిని. మొగుడి మాట కాపాడుతున్న ఇల్లాలు అని ఆమెనూ మెచ్చుకున్నారు.

నాలుగో రోజున భీమిలి నుంచి నూకయ్య అక్క ఫోను చేసింది. నెత్తళ్ళు అందాయి, ముడుపు హుండీలో పడింది, ఆ పైడిబాబు గారు ధనరాజు గురించి చెబుతూ "ఆయన పట్టుకోకపోతే నేను షిప్పెక్కేవాణ్ణి కాను" అన్నారట. ఇక ధనరాజు నిజం చెప్పడం మానేశాడు. చెప్పినకొద్దీ అతని పుణ్యం పెరుగుతోంది.

మరుసటి నెల షిప్పుకు వారం ముందు సందులో వాళ్ళంతా కలిసి వచ్చారు. నూకయ్య ఒక కవరు పద్మిని చేతిలో పెట్టాడు. "ఒకరి కోసం మీరు ఆగిపోయారు. ఇది మా అందరి తరఫున. వైజాగ్ టికెట్లు. డెక్కు కాదు దీదీ, క్యాబిన్!"

పద్మిని కవరు పట్టుకుని అలాగే నిలబడింది. రెండున్నర రోజులు. చుట్టూ సముద్రం. సిగ్నల్ ఉండదు, సందు ఉండదు, వాకిట్లోంచి పిలిచేవాళ్ళుండరు. పొద్దున్నే మొదటిసారి కాచిన టీ. ధనరాజు ముఖంలోకి చూస్తే అతనూ అదే లెక్క వేస్తున్నాడని తెలిసిపోయింది. పెళ్ళయిన కొత్తలో కూడా వాళ్ళు అలా చూసుకున్నది తక్కువ.

"మా ఇద్దరికీనా?" అంది నెమ్మదిగా.

"ఇద్దరికేటి?" అంది తాతమ్మ ముందుకు వచ్చి. "నా ముడుపు పరాయోడి సేత్తో ఎల్లింది. నానే ఎల్లి అప్పన్నకి తప్పు సెప్పుకోవాల. నాకు తోడెవులున్నారు, మీరు తప్ప?"

కవరులో టికెట్లు మూడున్నాయి. కింది బెర్తులు రెండూ తనకూ పద్మినికీ అనీ, పైది ధనరాజుకనీ తాతమ్మ అప్పుడే తేల్చేసింది.